లేదని చెప్పగల పరీక్ష

క్యారీలోని శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయమున, 2022లో ఆవిష్కృతమైన 87 అడుగుల గోపురము నీడలో ప్రసాదపు దొన్నెతో కూర్చుండిన భీమవరపు పెద్దలొకరు, మూలకణములలోని ప్రోటీనులను పసిగట్టు పరీక్షలను రూపొందించుట నా వృత్తి యని విని, "ఉందో లేదో చెప్పడానికి ఇన్నేళ్ల కష్టమెందుకు బాబూ?" అని యడిగిరి. ఇంతలో హారతి గంట మ్రోగుటచే మేమిరువురమును లేచితిమి. ఆ సమాధానపు బాకీ నాకు మిగిలినది.

వారి యూరనే 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకొనియే ఈ మాట మొదలిడవలెను. హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కూడి ఆయన 1925లో ప్రకటించిన పద్ధతిలో భాస్వరము మాలిబ్డేటుతో కలిసి నీలవర్ణమును పుట్టించును. ఆ నీలమెంత చిక్కనిదైన భాస్వరమంత అధికమన్నమాట. కంటికి కానరానిదానిని రంగుగా మార్చి కొలుచు ఈ విద్యయే, 1971లో స్టాక్‌హోమునందు ఎంగ్వాల్, పెర్ల్‌మన్ అనువారు ఎలీసా పరీక్షను వెలయించిన పిదప, ప్రోటీనులకును విస్తరించినది. ప్రతిరక్షకము తనకు తగిన ప్రోటీనును పట్టుకొనును. దానిని అంటియున్న ఎంజైము ద్రవమును నీలముగా మార్చును. పిమ్మట ఆమ్లపు చుక్క పడగానే ఆ నీలము కనులయెదుటనే పసుపునీళ్ల వన్నెకు తిరుగును. ఇన్ని యేండ్లైనను ఆ క్షణమున నేను యంత్రమును మరచి చేతిలోని ప్లేటునే చూచుచుందును.

ప్లేటనగా అరచేయంత ప్లాస్టిక్ పలక; అందు 16 వరుసలుగా, వరుసకు 24 చొప్పున 384 గుంటలు. దినమునకు వేలకొలది నమూనాలను పరీక్షింపగలుగుట దాని చలువయే. దానిని తొలిసారి చూచి మా అమ్మ "గుంటపునుగుల పెనంలా ఉందిరా" అన్నది. ఆమె నడిమి గుంటలలోని పునుగులను ముందుగా తిరుగవేయును, మంట అచ్చటనే తగులును గనుక. పిండి యొకటియే యైనను గుంట యున్న చోటు పాకమును మార్చును. ఈ సంగతి వంటింట నెరిగియు ప్రయోగశాలలో మరచితిని. ఒకప్పుడు ఒక ప్లేటు అంచులయందలి గుంటలన్నియు గాఢమైన పసుపుతో మెరయగా, అరుదైన కణములు దొరకినవని పొంగిపోయి రెండు వారములు వానిని వెంటాడితిమి. తీరా చూడగా, 37 డిగ్రీల పెట్టెలో అంచు గుంటలు ముందుగా వేడెక్కి, వానిలోని నీరు ఆవిరియై, మిగిలిన ద్రవము చిక్కబడినది; అంతియే. నాటినుండి చుట్టును ఉన్న 76 గుంటలలో నమూనా వేయక, వట్టి ద్రవముతో నింపి, వానిని నడిమివానికి కావలిగా నుంచుచున్నాను.

ఉన్నదనుట సులభము; లేదనుటయే కష్టము. యమనక, తకహషి అనువారు 2006లో చిట్టెలుక కణములను నాలుగు జన్యువులతో ఆదిమదశకు మరల్చిరి. ఆ నాల్గింటిలో నొకటి పుట్టించు ఆక్ట్-4 ప్రోటీనే మా వేట. అది కణకేంద్రకమున దాగియుండును. దాని పేరే ధరించిన మరియొక రూపము కేంద్రకము వెలుపల తిరుగుచుండును గాని, కణమునకు ఆ ఆదిమశక్తి నిచ్చునది కాదు. రెంటికిని వెనుకభాగము సమానమగుటచే, అజాగ్రత్తగా నెన్నుకొన్న ప్రతిరక్షకము దేనిని చూచినను ఉన్నదనియే చెప్పివేయును. చికిత్సకై సిద్ధపరచిన కణములలో ఆదిమకణములు మిగిలినచో అవి దేహమున కంతులుగా పెరుగవచ్చును. కావున అచ్చట వైద్యునకు మా నుండి కావలసినది నమ్మదగిన "లేదు" అను మాట.

కంటి విషయమున ఇది తలక్రిందగును. నల్లగ్రుడ్డు, తెల్లగ్రుడ్డు కలియు అంచున నుండు మూలకణములను పెంచి, కాలిన కంటికి అతుకు చికిత్సను హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ 2001 నుండి చేయుచున్నది. ఇట్టి చికిత్సపై ఇటలీ వైద్యులు 2010లో ప్రకటించిన అధ్యయనమున, వృద్ధిపొందగల కణములలో పి-63 ప్రోటీను మెండుగా గలవి 3 శాతమునకు మించినచో 78 శాతము రోగులకు ఫలితము కలిగెను. అంతకు మించనిచో 11 శాతమునకే. ఆ సన్నని గీతకు ఇరువైపుల నున్నవి మనుష్యుల కన్నులని తలచినపుడు చేతిలోని పిపెట్టు బరువెక్కును.

ఈ సోమవారము మాకు క్రొత్త ప్రతిరక్షకము వచ్చినది. దానికి మూలకణములను ఇంకను చూపలేదు. ఆక్ట్-4 లేని చర్మకణములను మాత్రమే గుంటలలో నింపి, మూడు దినములు దానిచేత లేదనిపించుచున్నాను. ఆపైన ఆక్ట్-4 గల గుంటల అంకెలకును అది లేని గుంటల అంకెలకును నడుమ ఎడమెంత, వాని చెదరుదల యెంత యని 1999లో వెలువడిన జెడ్-ప్రైమ్ కొలతతో తూచి, 0.5 దాటినగాని ముందుకు సాగను. నిన్నటి ప్లేటున రెండు గుంటలు, చర్మకణములే యైనను, లేత పసుపుగా తేలినవి. రేపు ఆ రెంటిని మరల చూడవలెను.