అతుకు దగ్గర ఆగాలి

టోక్యోకు కేవలం భవనాలు చూడ్డానికే వెళ్లేవాళ్లున్నారు. చెర్రీపూలు, బుల్లెట్ రైలు వాళ్ల జాబితాలో చివరికి పోతాయి. మొదట ఉయెనోలో లె కొర్బూజియే గీసిన 1959 నాటి మ్యూజియం. దానికి ఎదురుగానే ఆయన శిష్యుడు కునియో మాయెకావా 1961లో కట్టిన సంగీతశాల. తర్వాత యొయొగిలో, 1964 ఒలింపిక్స్ కోసం కెంజో టాంగే ఉక్కు తీగలకు వేలాడదీసిన క్రీడాశాల కప్పు. చివరగా దైకన్‌యామాలో ఫుమిహికో మకి 1969 నుంచి ఇరవై ఏళ్లకు పైగా విడతలు విడతలుగా పెంచుకుంటూ పోయిన ఇళ్ల వరుస. ఆ మకి ఆఫీసు పేరు మనవాళ్లూ విన్నదే. 2016లో అమరావతి ప్రభుత్వ భవనాల పోటీలో మొదట ఎంపికైన నమూనా వాళ్లదే. ఆ పని తర్వాత లండన్ సంస్థ ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్ చేతికి వెళ్లింది.

ఈ యాత్రికుల ప్లానులో నాకు నచ్చేవి రెండు. కట్టడం పేరుతో పాటు కట్టినవాడి పేరూ రాసుకుంటారు. ఎంత పెద్దదో కాకుండా ఎలా చేశారో చూడ్డానికి వెళతారు. మ్యూజియం వసారాలో కాంక్రీటు స్తంభం మీద అచ్చుపడిన చెక్క ఈనెల దగ్గర అరగంట నిలబడతారు. అలాంటి ప్లాను మన దారికి ఎందుకు వెయ్యకూడదు? జగ్గయ్యపేటలో మొదలుపెట్టి నందిగామ, పరిటాల మీదుగా ఇబ్రహీంపట్నం. అక్కడ మైలవరం రోడ్డెక్కితే కొండపల్లి. వెనక్కొచ్చి బెజవాడలో కృష్ణ దాటితే ఉండవల్లి. తీరిగ్గా చూసుకుంటే రెండు రోజులు. మైలవరం వైపు వాళ్లకు ఈ ఊళ్లన్నీ బస్సు కిటికీలోంచి పరిచయమే. దిగి చూసినవాళ్లు మాత్రం తక్కువ.

ఒక్క నియమం పెట్టుకుంటే చాలు. రెండు ముక్కలు కలిసిన చోట ఆగాలి. నిండు గోడలో, నున్నటి బండలో పనివాడు దాక్కోగలడు. అతుకు దగ్గర దాక్కోలేడు.

జగ్గయ్యపేట అసలు పేరు బేతవోలు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి పేర దాన్ని పేట చేశాడు. ఊరి పక్క ధనబోడు అనే గుట్ట మీద బౌద్ధ స్తూపం ఉంది. 1882లో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ వచ్చి చూసేనాటికే పై అండం, అంటే గుమ్మటం, పోయింది, పలకలు చాలావరకు తరలిపోయాయి. మిగిలింది సుమారు 32 అడుగుల అడ్డుకొలత ఉన్న గుండ్రటి దిమ్మ. అమరావతి మహాచైత్యం పక్కన పెడితే ఇది చిన్నపాటి కట్టడమే. కానీ లోపలి పని చూడండి. పైన పలకలు తొడిగి లోపల మట్టి కుక్కి వదిలేస్తే ఎవరికీ తెలిసేది కాదు. వీళ్లు అలా చెయ్యలేదు. సుమారు రెండడుగుల మందాన మట్టి పొర వేసి, దాని మీద సందు లేకుండా పెద్ద ఇటుకలు పరిచారు. ఆ పైన మళ్లీ మట్టి, మళ్లీ ఇటుక. మట్టి పక్కలకు తోసుకొచ్చి బయటి పలకల్ని పగలగొట్టకుండా ఆ ఇటుక పరుపులు పట్టి ఉంచుతాయి. ఎవరి కంటా పడని అతుకుల మీద పెట్టిన శ్రద్ధ ఇది.

బయటి పలకలు పల్నాటి సున్నపురాయి. కాస్త ఆకుపచ్చ తిరిగిన లేత బూడిదరంగు. పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి పలకలుగా విడదీయడం తేలిక. ఉలికి లొంగుతుంది, మెరుగు పెడితే నునుపు తేలుతుంది. దాని గుణమే దాని దోషం కూడా. పొర లేచిందంటే బొమ్మ ముఖంతో సహా ఊడిపోతుంది. అందుకే కాబోలు, క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం ప్రాంతంలో ఇక్కడ చెక్కినవాళ్లు లోతుకు పోలేదు. చాలా పలుచగా, గీతకు గీతంత ఎత్తులో బొమ్మ తేల్చారు. తర్వాత అమరావతిలో కనిపించే కిక్కిరిసిన గుంపులు, ఒకరి మీద ఒకరు పడే ఒళ్లు ఇక్కడ ఉండవు.

వీటిలో పేరున్నది చక్రవర్తి పలక. మాంధాత అని కూడా అంటారు. దాన్ని చూడాలంటే చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి వెళ్లాలి. మధ్యలో రాజు నిలబడి ఉంటాడు. పొడుగాటి, సన్నటి మనిషి, తలపాగా, పైన గొడుగు. ఎడమ చెయ్యి రొమ్ము మీద, కుడి చెయ్యి మబ్బుల వైపు. మబ్బుల్లోంచి నాణేలు రాలుతుంటాయి. అవి గుండ్రంగా ఉండవు, నలుచదరాలు. ఆ రోజుల్లో చెలామణీలో ఉన్న ముద్ర నాణేలు అలాగే ఉండేవి మరి. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, కోశాధికారి, యువరాజు: చక్రవర్తికి ఉండాల్సిన ఏడు రత్నాలు. ఇన్నింటిని ఇరికించినా రాజు చుట్టూ ఖాళీ అలాగే ఉంది. నాకు ఆ పలకలో నచ్చేది ఆ ఖాళీయే. పైకెత్తిన చేతికీ రాలే నాణేలకూ మధ్య రాయిని చదునుగా వదిలెయ్యడం వల్లే పైనుంచి ఏదో పడుతోందన్న సంగతి కంటికి తెలుస్తుంది. అక్కడ ఒక పువ్వు చెక్కాలని చెయ్యి దురదపెట్టి ఉంటుంది. పెట్టినా ఆపుకున్నాడు.

ఈ శిల్పి పేరు మనకు తెలియదు. మూడు నాలుగు వందల ఏళ్ల తర్వాత అదే స్తూపానికి పని చేసిన ఇంకొకడి పేరు మాత్రం తెలుసు. ఆంధ్ర స్తూపాలకు నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వేదికలుంటాయి. ఒక్కో దాని మీద ఐదేసి ఆయక స్తంభాలు నిలబెడతారు. బుద్ధుడి పుట్టుక, ఇల్లు వదలడం, జ్ఞానోదయం, తొలి బోధ, నిర్యాణం అనే ఐదింటికి గుర్తులని చెబుతారు. ఇక్ష్వాకు రాజు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరంలో, అంటే క్రీస్తుశకం మూడో శతాబ్దంలో, ఇక్కడ తూర్పు వాకిట ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టించినవాడు రాజు కాదు, వర్తకుడూ కాదు. ఆవేశని సిద్ధార్థుడు. ఆవేశని అంటే శిల్పుల పెద్ద, మన మాటలో మేస్త్రి. కమ్మకరాష్ట్రంలోని నడతూరు గ్రామానికి చెందిన ఆవేశని నాకచంద్రుడి కొడుకు. తండ్రిదీ అదే పని.

శాసనంలో అతను ఒక్కడే లేడు. తల్లి నాగిలని, భార్య సముద్రని, కొడుకు మూలశ్రీ, కూతురు నాగబుద్ధనిక, సోదరుడు బుద్ధినాక, అతని భార్య కనికని, వాళ్ల పిల్లలు నాగశ్రీ, చంద్రశ్రీ, సిద్ధార్థనిక అందరూ ఉన్నారు. ఆ చివరి పిల్లకు ఇంటి పెద్ద పేరు కలిసొచ్చేలా పెట్టుకున్నారో, బుద్ధుడి పేరు పెట్టుకున్నారో మరి. సాంచీ దక్షిణ తోరణం మీద కూడా శాతకర్ణి రాజు దగ్గరి ఆవేశని ఆనందుడు తన దానం రాయించుకున్నాడు. అయితే అతను తల్లి పేరు చెప్పుకుని ఆగిపోయాడు. జగ్గయ్యపేట మేస్త్రి ఇంటిల్లిపాదినీ రాతి మీదికెక్కించాడు, అదీ ఒకే మాటలతో మూడు స్తంభాల మీద. స్తంభం విరిగితే పేరు పోతుందన్న వృత్తి అనుభవం అందులో ఉందనే నా అనుమానం.

గుట్ట దిగాక ఒకసారి చుట్టూ చూడండి. ముక్త్యాల, జయంతిపురం వైపు సిమెంటు ఫ్యాక్టరీలు కనిపిస్తాయి. వాటిని ఇక్కడికి రప్పించింది కూడా సున్నపురాయే. అప్పుడు పలకలు కోసి నిలబెట్టిన జాతి రాయిని ఇప్పుడు పిండి చేసి సంచుల్లో నింపుతున్నారు. దీనికి వాపోనక్కర్లేదు. పిండి చేసిన రాయితో కూడా పనిమంతుడు ఏం చెయ్యగలడో చూపించే కట్టడం ఒకటుంది. దాని పేరుకు మూలం ఈ దారిలోనే దొరుకుతుంది.

నందిగామలో ఈ ప్రయాణానికి టీ తాగడం తప్ప పనిలేదు. గుడిమెట్ల వైపు మళ్లితే చాగి రాజుల నాటి ఆనవాళ్లున్నాయి, వాటికి వేరే రోజు పెట్టుకోవాలి. కంచికచర్ల దాటాక పరిటాల. అందరూ తలెత్తి చూసేది 135 అడుగుల ఆంజనేయస్వామిని. భక్తితో దణ్ణం పెట్టుకోండి, అయితే పనితనం చూసే యాత్రలో ఎత్తు ఒక్కటే ఎక్కువసేపు నిలబెట్టదు. నేను చెప్పేది కాళ్ల కింది నేల గురించి. గోల్కొండ వజ్రాలంటే గోల్కొండ కోటలో దొరికినవి కావు. కృష్ణ ఒడ్డున కొల్లూరు, ఈ పరిటాల లాంటి ఊళ్లలో తవ్వినవి. వజ్రాల మీద ఆశతోనే నిజాం ప్రభువులు చుట్టూ బ్రిటిష్ జిల్లా ఉన్నా పరిటాల పరగణాను తమ కిందే ఉంచుకున్నారు.

ఇప్పుడు పుదుచ్చేరికి ఒక అడుగు. అరవిందాశ్రమంలో గోల్కొండ అనే వసతిగృహం ఉంది. దానికి హైదరాబాద్ దివాన్ సర్ అక్బర్ హైదరీ పూనికతో నిజాం ప్రభుత్వం లక్ష రూపాయలిచ్చింది. ఆ కృతజ్ఞతకే ఆ పేరు. గీసినవాడు ఆంటొనిన్ రేమండ్. ఫ్రాంక్ లాయిడ్ రైట్ దగ్గర ఇంపీరియల్ హోటల్ పనికని 1919లో టోక్యో వచ్చి, అక్కడే సొంత ఆఫీసు పెట్టుకున్న చెక్ మనిషి. మొదట్లో చెప్పిన మాయెకావా కూడా కొన్నాళ్లు ఆయన దగ్గర పనిచేసినవాడే. 1930ల చివర్లో పుదుచ్చేరిలో పని దగ్గరుండి చూసుకోవడానికి వచ్చింది ఆ ఆఫీసులోని కుర్రాడు జార్జ్ నకషిమా. మన దేశంలో పోత కాంక్రీటుతో కట్టిన తొలినాటి భవనాల్లో ఇదొకటి. రెండు పొడుగాటి ముఖాలకూ గోడలుండవు, తిప్పుకోడానికి వీలైన అడ్డపలకల వరుసలుంటాయి. ఎండ ఆగుతుంది, గాలి ఆగదు. తలుపుల పిడులు, బందులు భక్తులిచ్చిన పాత ఇత్తడి పాత్రలు కరిగించి ఆశ్రమంలోనే పోతపోసుకున్నవి. ఏసీ లేకుండా పుదుచ్చేరి ఉక్కపోతను ఎదుర్కొనే ఈ ఇంటిని మన ఊళ్లలో అద్దాల పెట్టెలు కట్టేవాళ్లు ఒకసారి చూసొస్తే బాగుండు.

నకషిమా పేరు గుర్తుంచుకోండి, కొండపల్లిలో పనికొస్తుంది. తర్వాత అమెరికాలో స్థిరపడి చెక్క సామాను చేసి పేరు తెచ్చుకున్నాడు. బల్ల చెక్కలో చీలిక ఉంటే దాన్ని దాచడు. సీతాకోకచిలుక ఆకారంలో చిన్న చెక్క బిళ్లను అడ్డంగా దిగగొట్టి, అది కనబడేలా వదిలేస్తాడు.

కొండపల్లివాళ్లు దీనికి సరిగ్గా ఎదురు. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టిన కోట కొండ మీద ఉంది. ఓపికుంటే ఎక్కండి. కొండ శిఖరాల మధ్య కోటలోని మహలు కూర్చున్న తీరు బాగుంటుంది. నాకైతే కింద బొమ్మల కాలనీయే ముఖ్యం. తెల్ల పొణికి చెట్టు ఆ కొండల మీదే పెరుగుతుంది. దాని చెక్క చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. సన్నటి సెగ మీద ఆరబెట్టి తడి పోగొట్టి, ఆ తర్వాతే ఉలి పెడతారు. తడి మిగిలితే తర్వాత చెక్క లాగేసి అతుకు నోరు తెరుస్తుంది.

అంబారీ ఏనుగునే తీసుకోండి. ఒకే దుంగలో చెక్కింది కాదు. ఒళ్లు ఒక ముక్క, విడిగా అమరాల్సినవి విడి ముక్కలు, పైన అంబారీ, అందులో మనుషులు, వాళ్ల చేతులు. వీటన్నిటినీ కలిపేది మక్కు. చింతగింజల పిండి, చెక్కపొట్టు కలిపి చేసే ముద్ద. అది జిగురూ అవుతుంది, పూడికా అవుతుంది. చెయ్యి భుజానికి అతికాక మిగిలిన సందులో మక్కు కూరి, వంపు దిద్ది, ఆరాక ఆకురాయితో రుద్దుతారు. పైన సుద్ద పూత, దాని మీద రంగు. అంతా అయ్యాక అతుకెక్కడో వెతుక్కోవాల్సిందే. రంగు వెయ్యని బొమ్మ ఒకటి చూపించమని అడగండి. చెక్క రంగుకీ మక్కు రంగుకీ తేడా అప్పుడే తెలుస్తుంది. ఎక్కడెక్కడ ఎంత కూరారో చూస్తే చెయ్యి తిరిగినవాడెవరో, నేర్చుకుంటున్నవాడెవరో బయటపడుతుంది. మంచి పనివాడి బొమ్మలో మక్కు నూలుపోగంత. పచ్చి చెయ్యి పెట్టిందైతే ముద్దలు.

నకషిమా అతుకు చూపిస్తాడు, కొండపల్లి బొమ్మలు చేసే ఆర్యక్షత్రియ కళాకారుడు దాస్తాడు. ఏది గొప్పదంటే నేను చెప్పను. బల్ల చెక్కగానే కనబడాలి. ఏనుగు మాత్రం ఏనుగులా కనబడాలి, చెక్కలా కాదు.

ఇక మిగిలింది అతుకే లేని చోటు. ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి. కొండను ముందు నుంచి తొలిచి నాలుగు అంతస్తులు తీశారు. విష్ణుకుండినుల కాలం పనిగా చెబుతారు, అందులో వాదాలున్నాయి. దూరం నుంచి కట్టినట్టే ఉంటుంది. స్తంభాలు, దూలాలు, చూరు అన్నీ ఉన్నాయి. ఒక్కటీ బరువు మొయ్యడానికి పెట్టింది కాదు, చుట్టూ ఉన్న రాయిని తీసేస్తే మిగిలింది. మేస్త్రి స్తంభం కొంచెం సన్నం చేశాడంటే అంతే, దానికి మక్కు లేదు, మార్చడానికి వేరే రాయి లేదు.

కింది నుంచి మూడో అంతస్తులో అయిదు మీటర్లు దాటిన అనంతశయనుడున్నాడు. కొండలోంచే తీసిన మూర్తి. వెళ్లినవాళ్లంతా తిన్నగా అక్కడికే ఎక్కి, ఫోటో తీసుకుని దిగిపోతారు. నా సలహా వేరు. ఈ గుహల్లో పని మధ్యలో ఆపేసిన భాగాలున్నాయి, అన్నిటికన్నా పై అంతస్తూ అలాంటిదే. ముందు పూర్తికాని గోడల దగ్గరికి వెళ్లండి. ఉలి గాట్లు ఎటు వాలి ఉన్నాయో, మోటుగా కొట్టిన చోటు ఎక్కడ ఆగిందో, చదును చెయ్యడం ఎక్కడ మొదలైందో చేతి బ్యాటరీ లైటు పక్కనుంచి పట్టి చూడండి. ఎదురుగా పడితే గాట్లు కనబడవు. ఆ తర్వాత స్వామి దగ్గరికి వెళితే, ఆ భుజం మీది నునుపు తేల్చడానికి ఎంత రాయి ఎన్ని విడతల్లో తీసి ఉంటారో లెక్క వెయ్యడానికి మీ దగ్గర ఒక కొలత ఉంటుంది.