ఓష్ఠనిర్బంధము – అనువాదచిత్రమునందలి సంభాషణములు

తమిళమునుండి తెలుఁగు చేయఁబడిన యొక చలనచిత్రమును జూచినవారిలో రెండభిప్రాయములు వినవచ్చుచున్నవి. చిత్రము మధ్యమమనుటలో వివాదము లేదు. మమ్మటుఁడు చెప్పిన మధ్యమకావ్యమని కాదు. లోకమున 'ఏదో యున్నది' యనిపించుకొనునట్టిది. కథ తండ్రికొడుకుల వైరము, కడపట సమాధానము. దానినిగూర్చి వ్రాయఁదగినది లేదు. పేరు చెప్పుటయు ననవసరము. ఈ దోషము దాని కొక్కదానికే చెందినది కాదు. సంభాషణములు తెలుఁగువాఁ డెవ్వఁడును నోటఁ బలుకనివి. రచయిత యసమర్థుఁడని కొందఱందురు. తెరపైఁ గదలు పెదవులు తమిళము పలికినవి గావున వానికిఁ దెలుఁగు నొదిగించుటలో నసహజత తప్పదని మఱికొందఱు. ఈ రెండవ వాదమే పరీక్షింపఁదగినది.

ప, బ, మ లు పలుకునపుడు పెదవులు రెండును గలియును. క, త, న లకుఁ గలియవు. లోపలి నాలుక చూచువాని కంటఁబడదు. కావున రచయితకుఁ గల కట్టుబాటు పవర్గపుఁ దావులకును, అచ్చుల వికాససంకోచములకును, మాట నిడివికిని మాత్రమే పరిమితము. ఈ చిత్రమునఁ దమ్ముని 'తంబీ' యని పిలిచినచోట 'సోదరా' యని యున్నది. సోదరశబ్దమునఁ బవర్గాక్షరమే లేదు! సహజతయుఁ బోయినది, పెదవియుఁ గుదురలేదు. తెలంగాణమున నిత్యము వినఁబడు 'తమ్మీ' యను పిలుపు రెంటికిని సరిపోవును. 'అప్పా' యను పిలుపు కొంత చిక్కైనది. 'నాన్నా' యన్నఁ బెదవులు కలియవు. 'అబ్బా' యన్నఁ గలియును. బ్రౌను నిఘంటువునఁ దండ్రి యను నర్థమును గలదు. కాని నేఁటి చెవి కది యాశ్చర్యార్థకము. ఇట్టిచోఁ బెదవి నుపేక్షించి 'నాన్నా' యనుటయే యుచితము. రచయిత 'తండ్రీ' యని రెంటికిఁ జెడినాఁడు.

పాత్ర వెనుదిరిగి మాటలాడునపుడును, పొలముగట్టున దూరముగా నిలిచినపుడును బెదవులే కనఁబడవు. అచ్చట రచయిత స్వతంత్రుఁడు. అచ్చటను 'నీ యొక్క నిర్ణయం నా యొక్క హృదయాన్ని గాయపరిచింది' యను ధోరణియే! దీనితో నిర్బంధవాదము కూలిపోవుచున్నది. ఈ 'యొక్క' బడిపిల్లల వ్యాసములలోనికిఁ బ్రాకుట యుపాధ్యాయు లెఱుఁగుదురు. ఇది గ్రాంథికము కాదు, వ్యావహారికమును గాదు. గ్రాంథికపక్షమువారైన వేదము వేంకటరాయశాస్త్రిగారు 1897లో వెలువరించిన ప్రతాపరుద్రీయమునఁ బాత్రోచితభాష నెంత శ్రద్ధతోఁ గూర్చిరో పండితులకుఁ జెప్పఁబనిలేదు.

పెదవుల కట్టు మనకుఁ గ్రొత్తయుఁ గాదు. దండి దశకుమారచరితమున మంత్రగుప్తుఁడు పెదవి నొచ్చియుండుటచే నోష్ఠ్యములు విడిచి తన కథ యంతయుఁ జెప్పెను. మరింగంటి సింగరాచార్యుఁడు దశరథరాజనందనచరిత్రమును నిరోష్ఠ్యముగా రచించెను. వారి నియమము తాము వరించినది, అనువాదకుని నియమము పరాధీనమనుట నిజమే. కాని యుభయులకును గావలసినది పదసంపదయే. 1950 నాఁటి 'ఆహుతి' మొదలుగా నీ పనికిఁ గవులే పూనుకొనిరి. ఆ హిందీచిత్రమునకుఁ దెలుఁగు మాటలు శ్రీశ్రీ కూర్చెను.

ఒక్కచోట మాత్రము రచయిత చెవి మేల్కొన్నది. కొడుకు ప్రయాణమై తల్లితోఁ దమిళమున 'పోయిట్టు వరేన్' అనఁగాఁ దెలుఁగున 'పోయి వస్తానే' యని యున్నది. పకారమునకుఁ బకారము, వకారమునకు వకారము కుదిరినవి. పోవుచున్నానని మాత్రమనక, మరలివచ్చుటను గూడఁ జెప్పు మర్యాద రెండు భాషలకును గలదు. ఆ రెండు క్షణములును ఆ కుఱ్ఱవాఁడు తెలుఁగువాఁడే.