ఆరోగ్యశ్రీలో పట్టని రోగాలు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి ఒక విమర్శ

'అందరికీ ఆరోగ్యం' అనే మాట మనకు కొత్తది కాదు. పైసలు లేవనే కారణంతో ఎవరికీ వైద్యం ఆగొద్దని 1946లో భోర్ కమిటీ చెప్పింది. 1978లో ఆల్మా ఆటాలో ప్రపంచ దేశాలు 2000 సంవత్సరాన్ని గడువు పెట్టుకున్నాయి. 2015లో ఐక్యరాజ్య సమితి ఆ గడువును 2030కి జరిపింది. గడువు జరిగినప్పుడల్లా మాటకు అర్థం కూడా జరుగుతూ వచ్చింది. మన దగ్గర ఇవాళ 'అందరూ' అంటే కార్డు ఉన్నవాళ్లు, 'ఆరోగ్యం' అంటే ఆపరేషన్. ఈ అర్థం ఎవరికి పనికొచ్చింది, ఎవరిని బయట పెట్టింది అనేది దళిత బహుజనులుగా మనం అడగాల్సిన ప్రశ్న.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. గుండెకు రంధ్రం ఉన్న కూలోళ్ల పిల్లలు దాని వల్ల బతికిండ్రు. ఆ మాట ఒప్పుకోకుండా విమర్శ చేస్తే అది అన్యాయం. కానీ 2011లో రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్ ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక లెక్క ముందు పెట్టారు. రాష్ట్ర ఆరోగ్య బడ్జెట్‌లో 25 శాతం ఈ పథకానికే పోతోంది, అది పట్టించుకునేది మొత్తం రోగభారంలో 2 శాతాన్నే. ఆ పైసల్లో పెద్ద భాగం చేరేది కార్పొరేట్ దవాఖానలకు. వాటి యాజమాన్యాలు ఏ కులాల చేతుల్లో ఉన్నాయో తెలుగు పాఠకులకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. 2023 డిసెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం పరిమితిని 10 లక్షలకు పెంచింది. అంకె పెరిగింది గాని చూపు మారలేదు.

ఈ చూపును జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల మీద పెట్టి పరీక్షిద్దాం.

జగిత్యాల, కోరుట్లల చుట్టుపక్కల ఊళ్లల్లో బీడీలు చుట్టేది ఆడోళ్లు. బీసీ కులాల వాళ్లు, మాల మాదిగలు. మగోళ్లు దుబాయి, మస్కట్ పోతే ఇల్లు నడిచేది ఈ బీడీల మీదనే. ఒళ్లో చాట, చేతిలో కత్తెర, పొద్దంతా వంగి కూర్చునుడు. తంబాకు దుమ్ము ముక్కులకు, గొంతులకు పోతది. నడుము నొప్పి, కండ్ల మంట, దగ్గు, రక్తం తక్కువ. ఇవన్నీ పని తెచ్చిన రోగాలే. వీటికి కావాల్సింది ఊళ్లో డాక్టరు, రోజూ వేసుకునే గోలీలు, కాలానికి పరీక్షలు. మన దేశంలో జనం సొంత జేబు నుంచి పెట్టే వైద్య ఖర్చులో పెద్ద వాటా మందులదే. ఆరోగ్యశ్రీ ప్రధానంగా దవాఖానలో పడుకున్నవాళ్లకు. గోలీల ఖర్చు ఇంటిదే. దమ్ము ముదిరి వెంటిలేటర్ మీదికి పోతే ఆ మనిషి లెక్కలోకి వస్తది. దగ్గుతూ బీడీలు చుట్టినన్నాళ్లు రాదు.

ఈ ఆడోళ్ల కోసం 1976లో ఒక సంక్షేమ నిధి చట్టం వచ్చింది. బీడీల మీద సెస్సు వేసి, ఆ పైసలతో డిస్పెన్సరీలు, పిల్లలకు స్కాలర్‌షిప్పులు నడపాలన్నది దాని ఉద్దేశం. రోగం ఏ పనిలో పుట్టిందో ఆ పని నుంచే వైద్యానికి పైసలు రావాలనే న్యాయం అందులో ఉంది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు సెస్సును ఎత్తేసిండ్రు. కార్మికుల హక్కుగా వచ్చే రాబడి పోయి, ఆ ఖర్చు బడ్జెట్ దయ మీద పడ్డది. ఆరోగ్యశ్రీ పరిమితి పెరిగితే వచ్చినన్ని ప్రకటనలు ఈ సెస్సు పోతే ఎందుకు రాలేదు?

సిరిసిల్లలో సాంచెలు నడిపేది ఎక్కువగా పద్మశాలీలు. నూలు దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు బిసినోసిస్‌ను 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రభుత్వానికి తెలపాల్సిన రోగాల జాబితాలో పెట్టింది. అయితే అదే చట్టం కరెంటుతో నడిచే చోట పదిమంది పనివాళ్లుంటేనే ఫ్యాక్టరీ అన్నది. నాలుగు సాంచెల షెడ్డు ఫ్యాక్టరీ కాదు, కనుక అందులో పుట్టిన దగ్గు కూడా చట్టం కంటికి రోగం కాదు. 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చిన కొత్త కోడ్ ఆ పదిని ఇరవై చేసింది. అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్న కాలంలోనే (1942-46) కార్మికుల ఆరోగ్య బీమాకు అదార్కర్ నివేదిక తయారైంది. దాని నుంచే 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. పనిచేసే మనిషికి వైద్యం దానం కాదు, హక్కు అన్నది దాని పునాది. ఆ పునాది చిన్న షెడ్డు దాకా, బీడీ చాట దాకా రానేలేదు.

ఆపరేషన్‌కు రేటు ఉండి దగ్గుకు లేనప్పుడు వైద్యం ఎటు మొగ్గుతుందో ఆడోళ్ల ఒంటి మీద చూడొచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు పెద్ద ఆపరేషన్లే. 15-49 ఏండ్ల ఆడోళ్లలో నూటికి దాదాపు 8 మందికి గర్భసంచి తీసేసి ఉంది. దేశంలో అది మూడు చిల్లర. ఇదంతా ఒక్క పథకం చేసిందని నేను అనడం లేదు. నడుము నొప్పి అని వచ్చిన ఆడమనిషికి కూర్చునే పని తగ్గించే దారి చూపలేని వ్యవస్థ, కత్తి మాత్రం తొందరగా చూపిస్తుంది అంటున్నాను.

ఇక కులం. 2006లో వెలువడిన 'అన్‌టచబిలిటీ ఇన్ రూరల్ ఇండియా' అధ్యయనం 11 రాష్ట్రాల ఊళ్లను చూసింది. సుమారు మూడో వంతు ఊళ్లలో ఆరోగ్య సిబ్బంది దళితుల ఇండ్లకు రావడానికి ఒప్పుకోలేదని తేల్చింది. చనిపోయే సగటు వయసులో అగ్రకుల స్త్రీకీ దళిత స్త్రీకీ 14.6 ఏండ్ల తేడా ఉన్నట్టు ఐక్యరాజ్య సమితి మహిళా విభాగం 2018లో ప్రకటించింది. కార్డు మీద కులం కనపడదు, ఆయుష్షు మీద కనపడుతుంది. మాలవాడకు రాని సిస్టర్‌ను ఏ పది లక్షల కార్డు రప్పిస్తుంది?

2022లో జగిత్యాలకు, 2023లో సిరిసిల్లకు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మంచిదే. ఆ కాలేజీల్లో చదివే పిల్లలు బీడీ చాట ముందు, సాంచె పక్కన నిలబడి ఊపిరితిత్తులు పరీక్షించడం నేర్చుకుంటే అవి ఈ జిల్లాల కాలేజీలైతయి. లేకుంటే కార్పొరేట్ దవాఖానకు డాక్టర్లను తయారుచేసి పంపే కార్ఖానాలైతయి. 2025లో బకాయిలు రాలేదని ప్రైవేటు దవాఖానలు ఆరోగ్యశ్రీ సేవలు ఆపినప్పుడు జనానికి మిగిలింది సర్కారు దవాఖానే. నిలబెట్టుకోవాల్సింది ఏదో అప్పుడే తేలిపోయింది.

కాబట్టి మన డిమాండ్లు కార్డు పరిమితి చుట్టూ తిరగొద్దు. ఊరి ఉపకేంద్రంలో ఏడాది పొడుగూ మందులుండాలి. పదిమంది, ఇరవైమంది అనే గీత లేకుండా పనిరోగాలను నమోదు చేయాలి. బీడీ కార్మికుల వైద్యానికి చట్టబద్ధమైన రాబడి తిరిగి రావాలి. ఎవరికి ఏ వైద్యం అందిందో కులాల వారీగా లెక్కలు బయట పెట్టాలి. సార్వత్రికం అనే మాట నిజమో కాదో ఆ లెక్కలే చెప్తాయి.