గడప దగ్గర ఆగిన అన్న: బాలలకు బైబిలు కథాకథనం – కూచిపూడి దృష్టి

వ్యాససంగ్రహం:
బాలలకు చెప్పే బైబిలు కథలలో నీతివాక్యం ముందుకు వచ్చి కథ వెనుకబడడం తరచుగా కనిపిస్తుంది. లూకా సువార్త 15వ అధ్యాయంలోని ఉపమానం ఆధారంగా, కూచిపూడి ప్రదర్శనలోని పాత్రప్రవేశం, సంవాదం ఈ లోపాన్ని గుర్తించడానికి ఎలా తోడ్పడతాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: బాలసాహిత్యం, బైబిలు, ఉపమానం, కూచిపూడి, సంవాదం.

1. ఉపోద్ఘాతం
తెలుగులో క్రైస్తవ ఇతివృత్తానికి సాహిత్యగౌరవం కొత్త కాదు. జాషువ ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 1978 నాటి ‘కరుణామయుడు’ చిత్రం ఆ ఇతివృత్తాన్ని పద్యం చదవలేనివారికీ చేర్చింది. ఇవి ప్రధానంగా పెద్దలను ఉద్దేశించినవి. బాలలకు మిగిలేది సండే స్కూలు కథ. దాని శిల్పాన్ని కూడా విమర్శ పట్టించుకోవాలి.

2. పేరు చేసే పని
‘తప్పిపోయిన కుమారుడు’ అనగానే పిల్లలకు తిరునాళ్లలో తప్పిపోయిన పసివాడు స్ఫురిస్తాడు. ఉపమానంలోని చిన్న కుమారుడు దారి తెలియక పోలేదు. తండ్రి బ్రతికుండగానే వాటా పంచుకొని వెళ్ళాడు. కృష్ణా డెల్టా రైతు కుటుంబాల పిల్లలకు పంపకాల మాట అపరిచితం కాదు. కథ అక్కడ మొదలైతే, తండ్రి పరుగెత్తి ఎదురు వెళ్ళడంలోని గొప్పతనాన్ని వేరే వివరించనక్కరలేదు. నిజానికి ‘తప్పిపోయాడు’ అన్నది తండ్రి మాట. వెళ్ళిపోయినవాణ్ణి తప్పిపోయినవాడిగా చూడడమే ఆయన ప్రేమ. శీర్షికలోనే ఆ మాట చెప్పేస్తే చివర దాని బలం తగ్గుతుంది.

3. తెలిసిన కథలో ఆసక్తి
భామాకలాపంలో సత్యభామ భర్త ఎవరో ప్రేక్షకులకు తెలుసు. అయినా మాధవి అడుగుతూ ఉంటే, భామ సిగ్గుతో పేరు దాటవేస్తూ ఉంటే చెవి యొగ్గి వింటారు. ప్రహ్లాద నాటకం ముగింపు తెలిసిన పిల్లలు కూడా తండ్రీకొడుకుల వాదాన్ని విడువరు. ఆసక్తికి మూలం కొత్త సమాచారం కాదు, ఎదురుప్రశ్న.

4. ప్రవేశం లేని పాత్ర
ఉపమానంలోనూ ఈ నిర్మాణమే ఉంది. పొలం నుంచి వస్తున్న పెద్ద కుమారుడికి ఇంట్లో వాద్యాల చప్పుడు, నాట్యసందడి వినిపిస్తాయి. ఏమిటని పనివాణ్ణి అడుగుతాడు. కోపగించి బయటే నిలుస్తాడు. తండ్రి వచ్చి బతిమాలుతాడు. అతడు లోపలికి వెళ్ళాడో లేదో లూకా చెప్పడు. ప్రవేశ దరువు మ్రోగినా తెర దాటని పాత్ర అది. యోనా గ్రంథం కూడా ప్రశ్నతోనే ముగుస్తుంది. విందు దగ్గరే కథ ఆపి నీతి చెప్పే పునఃకథనం ఈ అన్నను పోగొడుతుంది.

నీతి లేకుండా బోధ ఎలా అన్న ఆక్షేపం రావచ్చు. పాపులను చేరదీస్తున్నాడని సణిగినవారికి యేసు ఇచ్చిన సమాధానమిది. అన్న పాత్ర వారికి పట్టిన అద్దం. ఆ పాత్రను తీసివేస్తే బోధే లోపిస్తుంది.

5. ముగింపు
బైబిలు కథకు తాళం, గజ్జెలు అతికించడం ఇక్కడి ప్రతిపాదన కాదు. అది అలంకారంగానే మిగులుతుంది. కూచిపూడి నుంచి గ్రహించవలసినది ప్రశ్నను పాత్రల మధ్య నిలిపే పద్ధతి. తోబుట్టువుకు పెద్ద ముక్క దక్కిందని అలిగిన ప్రతి పిల్లవాడికీ ఆ అన్న తెలుసు. “నువ్వయితే లోపలికి వెళతావా?” అని అడిగి, జవాబును పిల్లలకు వదలగల కథకుడే వారికి ఆ కథను సొంతం చేస్తాడు.