20 మెగాహెర్ట్జ్ అంటే నిజంగా ఎంత?

కంప్యూటరుకు తగిలించే చవక ఆసిలోస్కోపుల్లో హాంటెక్ 6022బీఈ ఒకటి. 20 మెగాహెర్ట్జ్ పరికరమని అమ్ముతారు. కొనేముందు చిన్న భాగహారం చేయండి. ఇది సెకనుకు గరిష్ఠంగా 4.8 కోట్ల నమూనాలు తీసుకుంటుంది. అంటే 20 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక్కో తరంగానికి రెండున్నరైనా దక్కవు. రెండు చుక్కలతో తరంగం ఆకారం మీరు గీయగలరా? తరంగానికి పదేసి చుక్కలు కావాలంటే దీని హద్దు సుమారు 5 మెగాహెర్ట్జే.

ఆడియో, 555 టైమరు వలయాలు కట్టేవారికి అంతకూడా అక్కర్లేదు. ఢిల్లీలోని ఐయూఏసీ రూపొందించిన ఎక్స్‌పైస్-17 సెకనుకు 10 లక్షల నమూనాలే తీసుకుంటుంది. అదే లెక్కన 100 కిలోహెర్ట్జ్ దాకా చాలు. పైగా పరీక్షకు కావలసిన సంకేతాలనూ అదే ఇస్తుంది. నేర్చుకునేవారికి నా ఓటు దానికే.

ఏది కొన్నా 230 వోల్టుల ఇంటి కరెంటుకు మాత్రం తగిలించకండి. పరికరం గ్రౌండు, కంప్యూటరు గ్రౌండు ఒకటే. పొరపాటు జరిగితే కంప్యూటరుతోపాటు ప్రాణానికీ ముప్పే.