నవ్వించు శవములు

చచ్చినవారు లేచివచ్చి బ్రతికినవారిని కఱచుటయు, దానిని జూచి ప్రేక్షకులు కడుపుబ్బ నవ్వుటయు నేమి వినోదమని పెద్దలు కొందఱు మందలించుచున్నారు. మొన్నటివఱకు నేనును వారిలోనివాడనే. మా పాఠశాలలో పైతరగతి విద్యార్థి యొకడు ‘షాన్ ఆఫ్ ది డెడ్’ అను నాంగ్లచిత్రమును మెచ్చుకొనగా, దానిని జూడకయే తరగతిలో తూలనాడితిని. “చూడకుండ తీర్పు చెప్పవచ్చునా, మాస్టారూ?” అని యాతడు వినయముగనే యడిగెను. సిగ్గుపడి చూచితిని. చూచిన పిదప దోచినది వ్రాయుచున్నాను.

హాస్యమునకు భయానకమును, గరుణమును విరోధులని విశ్వనాథుడు సాహిత్యదర్పణమున జెప్పెను. ఆ లెక్కను ఈ చిత్రము రసభంగమున కుదాహరణము కావలెను. కాని అనౌచిత్యమే హాస్యమునకు మూలమనియు, కరుణాదుల యాభాసము సైతము హాస్యమగుననియు అభినవగుప్తుడు వివరించియున్నాడు. శవములు పెరటిలోనికి వచ్చి మీద పడుచుండగా, వానిపై విసరుటకు పాటల రికార్డులలో నేది పారవేయదగినది, యేది దాచుకొనదగినది యని యిద్దఱు మిత్రులు తర్కించుకొందురు. భయము నిజమైనదే, దాని యెదుట మనుష్యుని నడవడి యనుచితము. కాన నవ్వు పుట్టునది శవమువలన గాదు, బ్రతికినవానివలన.

ఫ్రెంచి తత్త్వవేత్త బెర్గ్‌సన్ 1900 సంవత్సరమున నవ్వును గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. ప్రాణముగల దానిపై యంత్రపు పొర గప్పినట్లు తోచినపుడు నవ్వు పుట్టునని యాతని సిద్ధాంతము. 2004లో ఎడ్గార్ రైట్ దర్శకత్వమున వెలువడిన యీ చిత్రము దానికి వ్యాఖ్యానమువలె నున్నది. కథారంభమున లండను నగరవాసులు, శవములింకను లేవకముందే, ఒకే తీరున మందముగ గదలుచుందురు. ఉత్పాతము పుట్టిన యుదయమున షాన్ నిద్రమత్తుతో వీథిలోని యంగడికి బోయి వచ్చును. చుట్టును శవములు తిరుగుచున్నను గుర్తింపడు. నిన్నటి జనమునకును నేటి శవములకును అతని కంటికి భేదము లేదు!

ఇచ్చట నేను నవ్వితిని. పిదప నవ్వు గొంతులో నిలిచినది. ఇరువది యేండ్లుగ నదే పద్యమును అదే స్వరమున వల్లెవేయించుచున్న నేనెవడను? 1961లోనే చట్టము నిషేధించినను, వరకట్నము నేటికిని మన పెండ్లిపందిళ్లలో నడచుచునే యున్నది. “అందఱును పుచ్చుకొనుచున్నారు గదా” యని చేయి చాచు తండ్రికి, ఆ యంగడికి నడచిన షానునకు నెంత దూరము? ప్రాణము పోయిన యాచారము కాళ్లతో నడచుటకంటె వేఱు జాంబీ గలదా?

ఈ చిత్రము హాస్యమును అడ్డు పెట్టుకొని దుఃఖమును దప్పించుకొనదు. కాటు తగిలిన కన్నతల్లిని షాన్ తన చేతులతోనే కాల్పవలసి వచ్చును. అందు నవ్వు లేదు. ఆ నిజాయితీయే తక్కిన నవ్వునకు విలువ గూర్చినది.

అయినను దోషము లేకపోలేదు. జాంబీ యను భావము హైతీ దేశపు నమ్మకములలోనిది. అచ్చట ఫ్రెంచివారి చెఱకుతోటలలో ఆఫ్రికనులు బానిసలై బ్రతికిరి. చచ్చినను చాకిరి తప్పదేమో యను భయము ఆ భావములో నిమిడియున్నది. 1932 నాటి ‘వైట్ జాంబీ’ చిత్రమున శవములు చక్కెర మిల్లున గానుగ ద్రిప్పును. షాన్ కథాంతమున మిగిలిన శవములను అంగళ్లలో కూలిపనులకును, టెలివిజను పోటీలకును వాడుకొందురు. బానిస భయము మరల బానిసత్వమునకే వచ్చి చేరినది. చిత్రకారుడు దీనిని వేళాకోళముగ జూపి సాగిపోయెను. ఒక క్షణము నిలువవలసినది.

2009 నాటి ‘జాంబీల్యాండ్’లో వారమునకొక మేటి సంహారమని వధకే బిరుదు గలదు. అందలి నవ్వు కూలినవానిపైననే పడును. 2021లో మన ప్రశాంత్ వర్మ ‘జాంబీ రెడ్డి’ని కర్నూలు సీమ కక్షలతో ముడిపెట్టెను. కారణము మఱచియు కత్తి దూయు పగకును, కారణము లేక కఱచు శవమునకును మంచి పోలికయే దొరికినది. దానిని వినోదము క్రింద కప్పిపుచ్చక యింకను త్రవ్వియుండవలసినది.

తల్లిదండ్రులకు నా మనవి యిది. రక్తపాతము మిక్కుటము గనుక నిట్టి చిత్రములు పసిపిల్లలకు దగవు. ఎదిగిన బిడ్డలతో గూర్చుండి చూడుడు. చూచి, ఎవరిని జూచి నవ్వితిమని యొకరినొకరు అడుగుడు. శవమును జూచి మాత్రమే నవ్వియుండినచో కాలము వ్యర్థము. మనలను మనము చూచుకొని నవ్వితిమేని కొంత మేలుకొంటిమన్నమాట.

నా తీర్పు మార్చుకొంటినని ఆ విద్యార్థికి అదే తరగతిలో అందఱి యెదుటను జెప్పితిని. మఱునాడు పద్యమునకు ముందు అర్థము చెప్పితిని.