బోర్లా పడుకున్నవారి పరుపు

పసిబిడ్డ బోర్లా పడితే మన ఇళ్లల్లో బొబ్బట్లు వండుతారు. అదే ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న పెద్దాయన్ని బోర్లా తిప్పితే ఇంటివాళ్లకు గుండె జారుతుంది. "సిస్టర్, నాయన్ని ఎందుకు బోర్లా పండబెట్టినారు?" మా నంద్యాల వైపు మొదట వినిపించే ప్రశ్న అదే.

ఊపిరితిత్తుల్లో ఎక్కువ భాగం వీపు వైపే ఉంటుంది. వెల్లకిలా పడుకుంటే గుండె, కడుపు బరువు దానిమీద పడి గాలిగదులు మూసుకుపోతాయి. బోర్లా తిప్పితే తెరుచుకుంటాయి. 2013లో క్లాడ్ గెరాన్ బృందం 466 మంది మీద చేసిన పరిశోధన వెలువడింది. విడతకు కనీసం 16 గంటలు బోర్లా ఉంచినవారిలో 28 రోజుల్లోపు చనిపోయినవారు 16 శాతం, వెల్లకిలా ఉంచినవారిలో 32.8 శాతం. అయితే ఒత్తిడి పుండ్లు మాత్రం బోర్లా ఉన్నవారికే ఎక్కువ.

"ఎంతయినా సరే, ఎయిర్ బెడ్ తెస్తాం" అంటారు ఆ పుండ్ల మాట విన్న బంధువులు. తెస్తే మంచిదే. దాని గొట్టాలు వంతులవారీగా ఉబ్బుతూ, తగ్గుతూ ఒకేచోట బరువు పడకుండా చూస్తాయి. కానీ పరుపు కొనేవాళ్లందరూ తలుచుకునేది వీపునే. బోర్లా ఉన్నవాడికి నొక్కుకునేవి నుదురు, బుగ్గ ఎముక, గడ్డం, రొమ్ము, తుంటి ముందు ఎముకలు, మోకాళ్లు. పరుపు మరీ మెత్తనైతే రొమ్ము లోపలికి కుంగి, బరువంతా అడుగునున్న మంచం మీదే పడుతుంది. అందుకే పరుపు కిందికి అరచెయ్యి పోనిచ్చి ఎముక తగులుతోందా అని చూస్తాం. తిప్పేటప్పుడు గాలి నిండా పట్టించి గట్టి చేస్తాం. కరెంటు పోతే పంపు ఆగుతుంది, అదొక తలనొప్పి.

ముఖానికైతే ఏ పరుపూ చాలదు. ముక్కు తీర్చిన విగ్రహాన్ని ఆళ్లగడ్డ శిల్పి రాతినేల మీద బోర్లా పెడతాడా? మెత్తటి దిండ్లు సర్ది, కొన్ని గంటలకోసారి తల ఆ పక్కకూ ఈ పక్కకూ మార్చాలి. కళ్లు మూసి టేపు వేయాలి, నోట్లోని వెంటిలేటర్ గొట్టం పెదవిని కోయకుండా చూడాలి.

శ్రీశైలంలో ఊపిరందక పడిపోయిన యాత్రికుడు నల్లమల ఘాట్ దిగి, ఆత్మకూరు దాటి మా దాకా వచ్చేసరికి గంటల తరబడి స్ట్రెచర్ మీద వెల్లకిలానే ఉంటాడు. కాబట్టి తిప్పేముందే వీపు చూసి, ఎక్కడ ఎర్రబారిందో రాసుకుంటాం.

పరుపు ఖరీదు అడిగేవాళ్లకు నేను చెప్పేది, రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారో కూడా అడగమని. మనిషిని తిప్పాలంటే తల దగ్గర గొట్టం పట్టుకోవడానికి ఒకరు, ఇరువైపులా ఇద్దరేసి కావాలి. లావుపాటి మనిషైతే ఇంకొకరు.